మూడు రేకుల తాళంచెవి

కాగితం కత్తిరించడానికి మిషన్ ఎందుకని నేను అడిగిన రోజే మా కోడలు ప్రణవికి నా మీద మనసు విరిగి ఉంటుంది. అడగక ఏం చేయమంటారు? ఇంట్లో మూడు కత్తెర్లున్నాయి. అందులో ఒకటి మా అమ్మ ఇచ్చింది, ఇప్పటికీ గుడ్డ మీద పెడితే జర్రున పోతుంది. ఆ మిషనేమో రొట్టెల డబ్బా అంత ఉంటుంది. బంక పూసిన పలక మీద కాగితం అతికించి లోపలికి పంపితే కిర్రు కిర్రుమంటూ అటూ ఇటూ తిరిగి, ఫోన్లో గీసిన బొమ్మను వెంట్రుకవాసి తేడా లేకుండా కోసి బయటికి తోస్తుంది. కేకుల మీద గుచ్చే పేర్లు, డబ్బాల మీద అంటించే పూలు, తోరణాలు అన్నీ దాని పనే. కేకులు, బిస్కెట్లు చేసేది ప్రణవి. ఒక ఆఫీసులో రెండేళ్ళు పనిచేసి, ఆ మేనేజర్ మొఖం చూడలేనని మానేసి, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉన్న మా ఇంటి వంటగదిని ఆక్రమించింది.

నా పేరు సునంద. యాభై తొమ్మిదేళ్ళు. నోరు కొంచెం పెద్దదని గల్లీలో అంటారు. కొంచెం అనేది వాళ్ళ మర్యాద.

ఆ రోజు ఆదివారం. మా ఆయన పరశురాం ఎప్పటిలాగే ఆబిడ్స్ పోయాడు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, పంతొమ్మిదేళ్ళుగా ఈయన ఏ ఆదివారమూ తప్పకుండా అక్కడికి పోతాడు, ఒకటో రెండో పుస్తకాలు తెస్తాడు. ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఎందుకు పోతాడో నాకు తెలుసు. వాళ్ళన్న రత్నాకర్ బావ కూడా చాదర్‌ఘాట్ నుంచి అక్కడికే వస్తాడు. ఇద్దరూ నిలబడి చాయ్ తాగి, పుస్తకాలు చంకలో పెట్టుకుని ఎవరిల్లు వాళ్ళు చేరుకుంటారు. నాకు తెలియదని ఆయన అనుకుంటాడు. అనుకోనీలే అని నేనూ ఊరుకున్నాను. రెండు ఇళ్ళ ఆడవాళ్ళకు మాటల్లేకపోతే అన్నదమ్ములు మాత్రం ఏం చేస్తారు పాపం.

సరే, అసలు సంగతికి వస్తాను. అన్నం వార్చి, చెమట తుడుచుకుంటూ ప్రణవి గదిలోకి పోయాను. మిషన్ అప్పుడే ఒక బంగారు రంగు అట్టను బయటికి తోసింది. దాని మీద వరసగా ఇరవై ముప్పై బొమ్మలు కోసి ఉన్నాయి. ఏ పువ్వులో అనుకుని కళ్ళద్దాలు సర్దుకుని చూశాను.

తాళంచెవులు. తల దగ్గర మూడు రేకులు, మధ్యలో చిల్లు. అది మా అత్త తాళంచెవి. అంటే నాది.

"ఎవలనడిగి తీసినవ్?" అన్నాను. అన్నానా, అరిచాను. "నా నడుముకున్న వస్తువు నన్నడగకుండ తీసి బొమ్మలు చేసి అమ్ముకుంటవా? ఇంకేం మిగిలినయ్? నా పుస్తెలు గూడ పెట్టు మిషన్ల!"

ప్రణవి బిత్తరపోయి చూసింది. "మీదా? మీదెందుకు తీస్త అత్తమ్మా? ఇది ఆర్డర్ ఇచ్చినవాళ్ళు పంపిన ఫొటో."

"అబద్ధం! లోకంల గిసొంటిది ఒక్కటే ఉంది, అది..." అంటూ నడుము తడుముకున్నాను. నా తాళంచెవి నా నడుము దగ్గరే ఉంది. పిన్నీసుకు వేలాడుతూ, వెచ్చగా.

ప్రణవి ఫోన్ నా ముందు పెట్టింది. తెల్ల కాగితం మీద ఇత్తడి తాళంచెవి, పక్కన ఒక చెయ్యి. నా చెయ్యి కాదు. ఫొటో కింద ఇలా ఉంది: ఈ గుర్తు బిస్కెట్ల మీద, డబ్బాల మీద రావాలి. మా నానమ్మ గుర్తు.

"ఎవలది ఈ ఆర్డర్?"

ప్రణవి నేల చూసింది. "నవత వదినది. చాదర్‌ఘాట్. వాళ్ళ పాపను తొట్టెల్ల ఏస్తున్నరు వచ్చే ఆదివారం. అరవై డబ్బాలు. చెప్తే మీరు చెయ్యనియ్యరని చెప్పలె."

నవత అంటే రత్నాకర్ బావ కూతురు. జయక్క కూతురు. జయక్క నా పెద్ద తోటికోడలు. ఆమెతో నేను మాట్లాడి పంతొమ్మిదేళ్ళయింది.

ఎందుకు మాట్లాడటం లేదో చెప్పాలంటే ఖాజా భాయ్ బేకరీ దగ్గర మొదలుపెట్టాలి. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. అప్పట్లో మా ఇళ్ళల్లో ఓవెన్లెక్కడివి? ఎండాకాలం సెలవులు రాగానే గల్లీ ఆడవాళ్ళమంతా మైదా, చక్కెర, నెయ్యి, ఏలకులు సంచుల్లో పెట్టుకుని బేకరీకి పోయేవాళ్ళం. పిండి మనది, చెయ్యి మనది, భట్టి ఆయనది. కాల్చినందుకు మాత్రం కిలోకింత అని తీసుకునేవాడు. అక్కడే కూర్చుని పిండి కలిపి, బిళ్ళలు చేసి, ఇనుప పళ్ళేల్లో పేర్చి ఇచ్చేవాళ్ళం. సాయంత్రానికి పనివాళ్ళు కాలిన బిస్కెట్లను రేకు డబ్బాల్లో నింపి పెట్టేవాళ్ళు. పది ఇళ్ళ పళ్ళేలు ఒకే భట్టిలోకి పోతే ఎవరివేవో తెలిసేదెట్లా? అందుకే ఇంటికో గుర్తు. కాల్చకముందే ప్రతి బిళ్ళ మీదా ఒత్తేవాళ్ళు. ఎదురింటి మృదులమ్మ వాళ్ళది కోటు గుండీ. ఇంకొకరిది సీసా మూత. మాది తాళంచెవి తల. మా అత్త పోశవ్వ నడుము నుంచి తీసి టక్కు టక్కుమని ఒత్తేది. ఆ చెవి ఆమె సందుగకు, అంటే చెక్కపెట్టెకు వేసే తాళానిది. సందుగ చెదలు పట్టి ఎప్పుడో పోయింది, చెవి మాత్రం ఆమె నడుముకే ఉండేది.

మా అత్తకు పక్షవాతం వచ్చి రెండేళ్ళు మంచంలో ఉంది. కింది వాటాలో మేము, పైన జయక్క వాళ్ళు. మెట్లెక్కలేదు కాబట్టి అత్త నా దగ్గరే. రెండేళ్ళు నేనే ఎత్తాను, నేనే కడిగాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు, జరిగింది చెప్తున్నాను. ఒకరోజు మధ్యాహ్నం ఆమె తన మంచి చేత్తో ఆ తాళంచెవి నా గుప్పిట్లో పెట్టి, "నీకొక్కదానికే ఇస్తున్న బిడ్డా. పెద్దదానికి చెప్పకు. మనసు కష్టపెట్టుకుంటది" అంది. నా పెళ్ళికి పెట్టిన బంగారం కంటే నాకది ఎక్కువయింది. ఎందుకంటే మా అత్త జీవితంలో నన్ను ఒక్కసారీ మెచ్చుకోలేదు. వండింది ఉప్పెక్కువ, ఉతికింది మురికి. జయక్క చేస్తే అన్నీ బాగుండేవి. చివరికి ఆ తాళంచెవి నాకిచ్చింది. నాకొక్కదానికే.

ఆమె పోయిన ఏడాది ఎండాకాలం మేము మొదటిసారి ఎవరి పిండి వాళ్ళం కాల్పించుకున్నాం. నేను పొద్దున్నే పోయి నాలుగు కిలోలవి ఒత్తి ఇచ్చి వచ్చాను. జయక్క మధ్యాహ్నం పోయి రెండు కిలోలవి ఇచ్చిందట. సాయంత్రం ఇద్దరం డబ్బాల కోసం పోయాం. ఆమె వెంట పన్నెండేళ్ళ నవత. కిలోకో డబ్బా లెక్కన నావి నాలుగు డబ్బాలు కావాల్సింది, మూడే ఉన్నాయి. జయక్క ముందు రెండుండాల్సింది, మూడున్నాయి. మూత తీసి చూస్తే బిస్కెట్ మీద నా తాళంచెవి గుర్తు.

ఇంక నేను ఆగుతానా? ఆగే ఘటాన్నా? పదిహేను మంది ఆడవాళ్ళ మధ్య ఆ బిస్కెట్ పైకెత్తి పట్టుకున్నాను. నడుము నుంచి తాళంచెవి తీసి చూపించాను. "చూడుండ్రి! అత్త నాకొక్కదానికే ఇచ్చింది గీ చెవి. గీమె డబ్బాలకు నా బిస్కెట్లు ఎట్లొచ్చినయ్? నడిచొచ్చినయా?" అన్నాను. జయక్క నన్ను చూడలేదు, ఆ తాళంచెవినే చూసింది. ఆమె చెయ్యి నడుము దాకా పోయి ఆగింది. ఒక్క మాట మాట్లాడలేదు. "చూడు, దొంగకు తేలు కుట్టినట్టు ఎట్ల నిలబడ్డదో!" అన్నాను నేను. ఖాజా భాయ్ "జానే దో అమ్మా, జానే దో" అని సర్దిచెప్తూనే ఉన్నాడు. జయక్క మూడు డబ్బాలూ అక్కడే వదిలేసి, బిస్కెట్లు కావాలని ఏడుస్తున్న నవత చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నెల తిరగకుండా చాదర్‌ఘాట్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని పోయారు. మా గల్లీలో ఆమె పేరు బిస్కెట్ల దొంగ అని పడిపోయింది. పెట్టింది నేను.

ఇప్పుడు ప్రణవి ఫోన్లో రెండో తాళంచెవి కనిపించాక కుర్చీలో కూలబడ్డాను.

"జర మీది ఇటియ్యండి అత్తమ్మా" అంది ప్రణవి. నా చెవిని తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో తీసింది. కంప్యూటర్లో వాళ్ళది ఎరుపు రంగు వేసింది, నాది నీలం రంగు. నీలాన్ని జరిపి ఎరుపు మీద పెట్టింది. రేకుకు రేకు, చిల్లుకు చిల్లు, పంటికి పన్ను సరిపోయాయి. "ఒకటే తాళానికి రెండు చెవులు" అంది. "కానీ ఇగో, ఇక్కడ చూడండి. కుడిపక్క రేకు చివర జర ఎరుపు మిగిలింది. మీ దానికి ఆ ముక్క లేదు. విరిగినట్టుంది."

విరిగింది. ఎప్పుడు విరిగిందో కూడా నాకు గుర్తుంది. అత్తకు గ్లూకోజ్ నీళ్ళు కలపబోతే డబ్బా మూత రాలేదు. ఆ చెవితో పొడిచి లేపాను, రేకు కొస టక్కున విరిగింది. అత్త బతికుండగానే. అంటే ఆ ఎండాకాలం నేను ఒత్తిన ప్రతి బిస్కెట్ మీదా ఒక రేకు విరిగే ఉండాలి.

పదిహేను మందికి పైకెత్తి చూపించిన ఆ బిస్కెట్ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. మూడు రేకులూ నిండుగా ఉన్నాయి. నిజం నా చేతిలోనే ఉంది. పైకెత్తి ఊరంతటికీ చూపించాను, నేను మాత్రం చూడలేదు.

రెండు ఇళ్ళ గుర్తూ ఒకటే అయ్యేసరికి పనివాళ్ళు నా పళ్ళెం ఒకటి ఆమె డబ్బాలో నింపారు. అంతే. ఎవరూ ఏదీ దొంగిలించలేదు. కాదు, దొంగిలించారు. జయక్క వదిలేసి పోయిన మూడు డబ్బాల్లో రెండు ఆమెవే. ఆరు డబ్బాలూ నేనే ఇంటికి తెచ్చాను. మా అబ్బాయి సిద్ధార్థ్ స్కూలు తెరిచేదాకా చాయ్‌లో ముంచుకుని తిన్నాం. నవత ఏడుపు నా చెవుల్లో ఉండగానే తిన్నాం. దొంగ ఎవరంటే నేనే.

మధ్యాహ్నం మా ఆయన ఒక పాత లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. తాళంచెవి సంగతంతా చెప్పి, "మీకు తెల్సా?" అని అడిగాను.

"చెవి సంగతి తెల్వది. వదిన అన్నకు గూడ ఏం చెప్పలేదట. ఎన్నిసార్లు అడిగినా 'నీకెందుకు' అన్నదట" అన్నాడు. తర్వాత పుస్తకం బల్ల మీద పెట్టి, "నేను అన్నను కలుస్తున్న సంగతి..." అని మొదలుపెట్టాడు.

"అబ్బో, పెద్ద రహస్యం! పంతొమ్మిదేండ్ల నుంచి లెక్కల పుస్తకాలు కొని ఏ పరీక్ష రాస్తున్నవ్ మరి?" అన్నాను. ఆయన సిగ్గుపడి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. వెళ్ళి కాళ్ళ మీద పడితే? తలుపు మొఖాన వేస్తే? వేయాల్సిందే, ఆమె స్థానంలో నేనుంటే వేస్తాను. ఫోన్ చేద్దామని రెండుసార్లు ప్రణవి చేత నంబరు కలిపించి, మోగకముందే కట్ చేయించాను. మూడోసారి ఆ పిల్ల చేతులు జోడించింది. "అత్తమ్మా, మీరు బిస్కెట్లు చెయ్యండి. మాటలు తర్వాత చూద్దాం."

చేశాను. పిండి మొత్తం నేనే కలిపాను. ప్రణవి వెన్న అంది, కుదరదన్నాను, నెయ్యే. ఏలకులు దంచుతుంటే "ఎక్కువైతయేమో" అంది. మా అత్త కొలత ఇంతే అన్నాను. అరవై డబ్బాలకు రెండు వందల నలభై. అవి కాక ఇంకో రెండు రేకు డబ్బాల నిండా చేశాను. అవెందుకని ఆ పిల్ల అడగలేదు. తెలివైనదే.

గుర్తు దగ్గరే చిక్కొచ్చింది. నా తాళంచెవితో ఒత్తితే విరిగిన రేకు పడుతుంది. అది నా గుర్తు. నాకు కావాల్సింది జయక్క గుర్తు. ఇంతకాలం నేను తిట్టిన ఆ మిషనే అప్పుడు అక్కరకొచ్చింది. ప్రణవి పల్చని ప్లాస్టిక్ రేకును పలక మీద అతికించి లోపలికి పంపింది. కిర్రు కిర్రుమంది. మూడు రేకుల ఆకారం చిల్లుగా కోసుకుని వచ్చింది. దాన్ని కాలిన బిస్కెట్ మీద పెట్టి, జల్లెడతో కోకో పొడి చల్లి, మెల్లగా పైకి లేపాలి. మొదటి ఇరవై నా చేతుల్లో అలుక్కుపోయాయి. ఇరవై ఒకటోది నిలిచింది. మూడు రేకులూ నిండుగా. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే కళ్ళు మసకబారాయి. "ఈ మిషన్ మంచిదే" అన్నాను. ప్రణవి వినపడనట్టు నటించింది, కానీ మూతి మీద నవ్వు దాగలేదు.

ఆదివారం పొద్దున ఆటోలో ప్రణవి పక్కన, డబ్బాల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను, ఒళ్ళో నా రెండు రేకు డబ్బాలు. మా ఆయన, సిద్ధార్థ్ వెనక బండి మీద. అఫ్జల్‌గంజ్ దగ్గర ట్రాఫిక్ ఆగితే, ఇట్లాగే ఆగిపోతే బాగుండు, ఫంక్షన్ అయిపోయేదాకా ఇక్కడే ఉంటే బాగుండు అనుకున్నాను. ఆగలేదు.

జయక్క వాళ్ళిల్లు రెండో అంతస్తు. గుమ్మానికి మామిడాకులు, లోపల మల్లెపూలు చుట్టిన ఊయల. గుమ్మంలోనే జయక్క ఎదురైంది. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి, చేతిలో ఉన్న కుంకుమ భరిణెను ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"డబ్బాలు తెచ్చినం అక్కా" అన్నాను. ఆర్డర్ సరుకు తెచ్చి ఇచ్చేవాళ్ళు అన్నట్టే అన్నాను.

"ఆ మూలకు పెట్టుండ్రి" అంది. పొమ్మనలేదు, రమ్మనలేదు. నవత మాత్రం లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, "చిన్నమ్మా!" అని నా చెయ్యి పట్టుకుంది. బేకరీలో ఏడ్చిన పిల్ల, ఇప్పుడు తనే తల్లి.

పిల్లను ఊయల్లో వేశారు. పాటలు పాడారు. ప్రణవి అని పేరు పెడతారేమోనని మా పిల్ల ఆశపడింది కానీ ఇంకేదో పెట్టారు. డబ్బాలు పంచారు. అందరూ అట్ట మీది బంగారు గుర్తును తిప్పి తిప్పి చూస్తున్నారు, ఫొటోలు తీస్తున్నారు. అంతా బాగానే ఉందనుకునేలోపు ఒక గొంతు లేచింది. కోటు గుండీ మృదులమ్మ. ఆమెను కూడా పిలిచారని నాకేం తెలుసు? డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు.

"ఓ సునందా! గిది నీ తాళంచెవి గుర్తు గదా? గాడ బేకరీల గంత లొల్లి చేస్తివి గద, నా గుర్తు, నా బిస్కెట్లు అనుకుంట! మరి ఇప్పుడు జయమ్మ ఇంట్ల బిస్కెట్ల మీదికి మళ్ళ ఎట్లొచ్చింది?"

నవత అత్తగారు డబ్బా మూత పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. వియ్యపురాలి ముందు, మనవరాలి తొట్టెల నాడు, పంతొమ్మిదేళ్ళ కింద నేను పెట్టిన పేరు మళ్ళీ గుమ్మం తొక్కింది. తెచ్చింది కూడా నేనే, డబ్బాల్లో సర్ది మరీ. జయక్క ముఖం ఎర్రబడింది. ఒక్క క్షణం నన్ను చూసి, మృదులమ్మ వైపు తిరిగింది.

"ఔ" అంది మెల్లగా. "అది సునందదే. మా కోసమని..."

"కాదు!" అన్నాను.

నా నోరు పెద్దదని చెప్పాను కదా. జీవితంలో అది మంచికి పనికొచ్చింది ఆ ఒక్కరోజే. లేచి నిలబడ్డాను. నడుము నుంచి నా తాళంచెవి తీశాను. "నాది గిది. కుడి రేకు విరిగింది, చూడుండ్రి. ఆ బిస్కెట్ల మీదున్నది మూడు రేకులది. జయక్కది. అక్కా, నీది ఏది? ఇటియ్యి."

ఆమె కదల్లేదు. నవత దేవుడి గూట్లోంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పైకెత్తాను, ఆనాడు బిస్కెట్ ఎత్తినట్టే.

"మా అత్త ఇద్దరికిచ్చింది. నాకొక్కదానికే ఇచ్చిందని నేను విర్రవీగిన. గుర్తులొకటే అయ్యేసరికి డబ్బాలు కలిసినయ్. జయక్క ఏం తియ్యలె. ఆమె రెండు డబ్బాలు నేనే తీస్కపోయి నా పిల్లగానికి పెట్టిన. దొంగ అని అన్నది నేను, దొంగను గూడ నేనే. మృదులమ్మా, నీకు జ్ఞాపకం ఎక్కువ గదా, ఇది గూడ జ్ఞాపకం పెట్టుకో. గల్లీల అందరికి చెప్పు."

రత్నాకర్ బావ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. మా ఆయన పోయి ఆయన పక్కన నిలబడ్డాడు, ఆబిడ్స్‌లో నిలబడ్డట్టే. జయక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా రెండు రేకు డబ్బాలు తీసుకుని వెనకే పోయాను. ఆమె స్టవ్ ముందు అటు తిరిగి నిలబడి ఉంది. డబ్బాలు గట్టు మీద పెట్టాను. "నీవి అక్కా. రెండు."

ఆమె తిరగలేదు.

"నీ దగ్గర గూడ ఉందని గా దినం ఎందుకు చెప్పలె?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నీ చెయ్యి నడుముకాడికి పోయింది. నేను చూసిన. తీసి చూపెడితే నిమిషంల తేలిపోతుండె. గన్నేండ్లు గా పేరు ఎందుకు మోసినవ్?"

జయక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకిచ్చేటప్పుడు ఆమె ఏమన్నదో తెల్సా? 'చిన్నదానికి చెప్పకు, దానికి కోపమెక్కువ' అన్నది." నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "తీద్దామనే నడుముల చెయ్యి పెట్టిన. గప్పుడు నీ మొఖం చూసిన. అత్త పోయి ఆరు నెలలు గూడ కాలె. 'నాకొక్కదానికే ఇచ్చింది' అని గందరి ముందట అంటున్నవ్. రెండేండ్లు ఆమె పియ్యి ఉచ్చ ఎత్తినవ్. ఒక్క మంచి మాట అనలె నిన్ను, నేను చూడలేదా? నీకు దక్కిందల్ల గా మాటనే. నేను నాది తీసి చూపెడితే, ఇంక నీకేం మిగుల్తుండె సునందా?"

గట్టు పట్టుకున్నాను. ఏడ్చాను, చిన్నపిల్లలా, గట్టిగా, బయట అందరికీ వినపడేలా ఏడ్చాను.

"గంత మంచిదాన్నేం గాదు నేను, ఊకో" అంది జయక్క. "తర్వాత మస్తు కోపమొచ్చింది. నువ్వే వస్తవ్, నిజం నీకే తెలుస్తది అని ఏడాది చూసిన. రాలె. గప్పుడు చస్తే మాట్లాడొద్దనుకున్న. ఈ గుర్తు పెట్టియ్యమని నవతకు చెప్పింది నేనే. చూస్తవేమోనని."

డబ్బా మూత తీసింది. ఒక బిస్కెట్ తీసి వెలుతురుకు పట్టి, మూడు రేకులూ చూసుకుంది. కొస కొరికింది. "ఏలకులు ఎక్కువైనయ్" అంది.

"అత్త కొలత గింతే" అన్నాను ముక్కు చీదుతూ.

"ఆమెకు గూడ ఎక్కువయ్యేటివి. ఎవలం చెప్పకపోతిమి." మూత పెట్టి డబ్బా నా చేతికిచ్చింది. "నాకు తర్వాత. మొదలు నవతకియ్యి. గా దినం బేకరీకాడి నుంచి ఇంటిదాక ఏడ్సుకుంటనే నడిచింది."

డబ్బా పట్టుకుని నవత కోసం బయటి గదిలోకి నడిచాను.